స్టవ్వు పిన్ను నుంచి కార్బురేటర్ దాకా

(ఆ సాయంత్రం రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేసిన ప్రసంగ పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం. మాట తీరు వక్తదే.)

అందరికీ నమస్కారమండీ. వెనక వినిపిస్తోందా? వినిపిస్తోందా బాబూ? సరే. ముందుగా ఈ టేబుల్ మీద పెట్టినవి చూడండి. ఎడం పక్కది ఏమిటో పెద్దవాళ్ళందరికీ తెలుసు. ఇత్తడి పంపు స్టవ్వు. మా అమ్మది. కుడి పక్కది పాత మారుతి 800 కార్బురేటర్, అంటే పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌లోకి పంపేది. ఈ రెండూ నాకు ఒకటే. ఎందుకు ఒకటో చెప్పడానికే వచ్చాను. అది చెప్పేస్తే నన్ను మాట్లాడమన్న విషయం, అదే, చిన్నప్పుడు వస్తువులు విప్పుకుంటూ ఆడుకున్న పిల్లాడు కార్ల మెకానిక్ ఎలా అయ్యాడు అన్నది, చాలావరకు చెప్పేసినట్టే.

మాది విశాఖలో కంచరపాలెం. నాన్న పోర్టులో ఖలాసీ. ఇంట్లో గ్యాసు లేదు, రేషన్ కిరసనాయిలుతో ఈ స్టవ్వు. పంపు కొడితే ట్యాంకులో గాలి ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి కిరసనాయిలు గొట్టంలోంచి పైకెక్కుతుంది, పైన బర్నరు వేడికి ఆవిరైపోతుంది, ఆ ఆవిరి ఒక సన్నటి బెజ్జంలోంచి బుస్సుమని వచ్చి గాలితో కలిసి నీలం రంగులో మండుతుంది. గుర్తుందామ్మా ఆ శబ్దం? ఆ శబ్దం ఆగితే ఇల్లంతా నిశ్శబ్దమైపోయేది. బెజ్జంలో మసి పడితే మంట పక్కకి వాలిపోయేది, పసుపురంగు తిరిగేది, గిన్నెల అడుగులు నల్లగా అయ్యేవి. అప్పుడు రేకు ముక్కకి సన్నటి తీగ అతికించిన పిన్ను ఒకటి, కొట్లో పైసల్లో దొరికేది, దానితో పొడిచేవాళ్ళు. మా ఇంట్లో పొడిచే పని నాది. నాకు ఎనిమిదేళ్ళుంటాయేమో అప్పుడు.

ఒకరోజు పిన్ను విరిగిపోయింది. ఇంట్లో ఇంకోటి లేదు. నేను అమ్మ కుట్టుపని డబ్బాలోంచి సూది తెచ్చి పొడిచాను. బెజ్జం శుభ్రంగా తెరుచుకుంది. ఆహా అనుకున్నాను. వెలిగిస్తే మంట ఇంత ఎత్తున లేచింది, పసుపుపచ్చగా, పొగతో. ఎంత పంపు కొట్టినా, ఎంత తగ్గించినా ఆ నీలం మంట మళ్ళీ రాలేదు. కొత్త నాజిల్ కొనేదాకా రాలేదు. అమ్మ పొగలో కళ్ళు తుడుచుకుంటూ ఆ వారమంతా వంట చేసింది. నాకు అది చాలా బాధగా ఉండేది. కానీ ఒక సంగతి బుర్రలోకి బాగా ఎక్కింది. ఆ బెజ్జం ఎవరో కొలిచి పెట్టింది. వెంట్రుకవాసి పెద్దదైనా లెక్క తప్పుతుంది.

చాలా ఏళ్ళ తర్వాత కార్లు బాగుచేసే షెడ్డులో మా మేస్త్రిగారు మొదటిసారి కార్బురేటర్ విప్పి, ఇత్తడి జెట్ ఒకటి నా అరచేతిలో పెట్టి, "దీని మీద నంబరు చూడరా" అన్నారు. చిన్న బెజ్జం, పక్కన చెక్కిన అంకె. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది నాకు. ఇది మా స్టవ్వు నాజిలే కదా! ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. అంత గాలికి తగినంత పెట్రోలు మాత్రమే వదలడానికి ఆ బెజ్జాన్ని కొలిచి పెట్టారు. దాన్ని తీగతో పొడిచి పెద్దది చేశారనుకోండి, సైలెన్సర్‌లోంచి నల్లపొగ, ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు మీద నల్ల మసి, మైలేజీ పోయింది. అచ్చం మా అమ్మ గిన్నెల అడుగులే. అందుకే మా షెడ్డులో ఇప్పటికీ జెట్ లోపలికి తీగ పెట్టనివ్వను. గాలి కొట్టడమే, లేదంటే క్లీనర్‌లో నానబెట్టడం.

నేను బడిలో ఏం తక్కువ చదివానో ఏం ఎక్కువ చదివానో ఇప్పుడు అనవసరం గానీ, ఈ గాలి-ఇంధనం లెక్క నాకు పుస్తకం కంటే ముందు పొగలో తెలిసింది. ఇలాంటివి ఇంకా ఉన్నాయి, వరసగా చెప్తాను.

మా మావయ్యకి సైకిల్ షాపు ఉండేది. గంటకింత అని సైకిళ్ళు అద్దెకిచ్చేవాడు. సెలవులొస్తే నేను అక్కడే. పంక్చర్ ట్యూబు నీళ్ళ తొట్టెలో ముంచి బుడగలు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూడటం, అక్కడ వేలు పెట్టి తుడిచి పుల్లతో గుర్తు పెట్టడం, ఇదీ నా పని. కొన్నాళ్ళయ్యాక హబ్బు విప్పనిచ్చాడు. చక్రం ఇరుసులో చిన్న చిన్న ఉక్కు బాల్స్ ఉంటాయి. పాత గ్రీజు తుడిచి, కిరసనాయిల్లో కడిగి, కొత్త గ్రీజు పెట్టి ఒక్కోటీ అతికించాలి. తర్వాత బాల్స్‌ని నొక్కి పట్టే కోన్ బిగించడం. గట్టిగా బిగిస్తే చక్రం గరగరమంటుంది, వదులుగా వదిలేస్తే ఊగుతుంది. ఈ రెంటికీ మధ్య ఒక చోటుంది. అది ఎక్కడుందని మావయ్యని అడిగితే "చక్రం తిప్పి వదిలెయ్యి, దానంతటదే ఆగినప్పుడు చూడు" అనేవాడు. సరిగ్గా బిగించిన చక్రం ఆగేముందు వాల్వు ఉన్న వైపు బరువుకి కాస్త వెనక్కీ ముందుకీ ఊగి, అప్పుడు ఆగుతుంది. టక్కున ఆగిపోయిందంటే బిగువు ఎక్కువ. నా చేతికి బేరింగ్ అంటే ఏమిటో తెలిసింది అక్కడే. అంబాసిడర్ ముందు చక్రం పట్టుకుని పైకీ కిందకీ ఊపి చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది మావయ్య సైకిలే.

ఇక రేడియో సంగతి. నాన్న ఎంతో ఇష్టంగా కొనుక్కున్న రేడియో. ఒకరోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు మొత్తం విప్పేశాను. విప్పుతున్నంతసేపూ బాగుంది. స్పీకరు వెనక అయస్కాంతం చూశాను, ట్యూనింగ్ ముల్లు కదిలించే దారం ఎలా చుట్టారో చూశాను. ఆ దారం జారింది. ఇక అంతే. సాయంత్రం నాన్న వచ్చేసరికి నేల మీద కుప్ప. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. పక్కన కూర్చున్నాడు. డ్యూటీ నుంచి వచ్చిన మనిషి, చొక్కా కూడా మార్చుకోలేదు. "విప్పినప్పుడు ఏది ముందు వచ్చింది?" అని అడిగాడు. నాకు తెలీదు. "దాని తర్వాత ఏది?" తెలీదు. ఆయన ఇంకేమీ అనలేదు, అన్నీ తువాలులో మూట కట్టి రిపేరు షాపుకి తీసుకెళ్ళాడు, నన్ను కూడా తీసుకెళ్ళి, ఆ షాపాయన్ని బతిమాలి, బాగుచేస్తున్నంతసేపూ నన్ను పక్కన కూర్చోబెట్టించాడు.

అప్పణ్ణించి నేను ఏం విప్పినా కింద న్యూస్‌పేపర్ పరిచి, వచ్చిన వరసలోనే స్క్రూలు పెట్టడం మొదలుపెట్టాను. ఇక్కడ ఐటీఐ పిల్లలున్నారు కదా, మీకోసం చెప్తున్నాను. అంబాసిడర్ లాంటి పాత ఇంజన్లలో వాల్వుల్ని తెరిపించే పుష్ రాడ్లుంటాయి, ఇంజన్ పైభాగం, అదే హెడ్డు, విప్పినప్పుడు అవి చేతికొస్తాయి. ఏ రాడ్డు ఏ వాల్వుదో దాని చోటుకే వెళ్ళాలి, ఎందుకంటే ఏళ్ళ తరబడి ఒకదానికొకటి అరిగి అమరిపోయి ఉంటాయి. మా మేస్త్రిగారు అట్టపెట్టె ముక్కకి ఎనిమిది బెజ్జాలు పెట్టి, ముందు వైపు ఏదో రాసి, వరసగా గుచ్చేవారు. నేను షెడ్డులో చేరిన కొత్తలో నన్ను ఎవరూ అడక్కుండానే అట్టముక్క తెచ్చి బెజ్జాలు పెట్టడం చూసి ఆయన "ఎవరు నేర్పారురా" అన్నారు. మా నాన్న అన్నాను. మెకానిక్కా అన్నారు. కాదండీ, పోర్టులో ఖలాసీ అన్నాను.

ఇలా వస్తువు విప్పి చూడాలన్న తపన ఎంతమందిని ఎక్కడికి తీసుకెళ్ళిందో! మన దక్షిణాదిలో జి.డి. నాయుడుగారి సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తెలుగు మాట్లాడే కుటుంబం, కోయంబత్తూరు దగ్గర పల్లెటూరు, 1893లో పుట్టారు. కుర్రతనంలో ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిలు చూసి, అలాంటిది కావాలని హోటల్లో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి, చివరికి కొని, కొన్నాక ఏం చేశారు? విప్పేశారు. విప్పి, బిగించి, నేర్చుకున్నారు. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి బస్సు నడపడం మొదలుపెట్టిన మనిషి ఆయనే. తర్వాత ఎన్నో యంత్రాలు చేశారు. అవన్నీ చెప్పాలంటే ఇంకో సాయంత్రం కావాలి.

షెడ్డులో మొదటి రోజులు

సరే, షెడ్డు. చేరేముందు నాకు చాలా వచ్చనుకున్నాను. టార్చిలైటు బాగుచేస్తాను, టేప్ రికార్డరు బెల్టు మారుస్తాను, సైకిలు మొత్తం విప్పి బిగిస్తాను. అక్కడికెళ్ళాక దాదాపు ఏడాది నా చేతికి పానా ఇవ్వలేదు. అందివ్వడమే. కిరసనాయిలు తొట్టెలో పార్టులు కడగడం, నూలు వేస్టుతో తుడవడం, మేస్త్రి చెయ్యి చాచితే అందులో సరైన సైజు పెట్టడం. అప్పుడు అంబాసిడర్లు ఎక్కువ, మారుతి 800 అప్పుడప్పుడే ఊళ్ళో కనిపిస్తోంది. మారుతి అమ్మకాలు మొదలైంది 1983 డిసెంబరులో. అంబాసిడర్ బోల్టులన్నీ అంగుళాల లెక్క, అర, తొమ్మిది బై పదహారు, అలాగ. మారుతివి మిల్లీమీటర్లు, 10, 12, 14, 17. రెండు బండ్లు పక్కపక్కనే ఉంటే రెండు టూల్ బాక్సులు. మేస్త్రి ఏ బండి కింద ఉన్నారో, చెయ్యి ఎంత చాచారో చూసి ఏ సైజు అడగబోతున్నారో చెప్పగలిగేలా అయ్యాను. ఇది పనికిరాని ఏడాది అని అప్పుడు ఏడ్చాను కూడా. కానీ పార్టులు కడుగుతున్నప్పుడే కదా ఏ పార్టు ఎక్కడ అరుగుతుందో చూసేది! పిస్టన్ ఒక పక్కే ఎందుకు గీతలు పడింది, క్లచ్ ప్లేటు రివెట్లు ఎందుకు బయటపడ్డాయి, ఇవన్నీ కడిగేవాడికి కనిపించినంతగా బిగించేవాడికి కనిపించవు.

మేస్త్రిగారు బండి రాగానే బానెట్ తెరిచేవారు కాదు. ముందు స్టార్ట్ చేయించి నిలబడేవారు. వినేవారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొస ఇంజన్ మీద, పిడి చెవికి ఆనించి, ఒక్కో చోటా వినేవారు. నన్నూ వినమనేవారు. మొదట్లో అంతా ఒకటే మోత. కొన్నాళ్ళకి వాల్వుల దగ్గర టాపెట్ల టకటక వేరు, బేరింగ్ గుయ్యిమనడం వేరు, ప్లగ్గు మిస్సింగ్, అంటే మధ్యమధ్యలో మండకపోవడం, వేరు అని తెలిసింది. ఆ తర్వాత ఆయన అడిగే ప్రశ్నలు మూడే. గాలి వస్తోందా? పెట్రోలు వస్తోందా? కరెంటు సరైన సమయానికి వస్తోందా? ఎక్కణ్ణించి వస్తోంది, మధ్యలో ఎక్కడ ఆగింది? అంతే. ప్లగ్గులకి వరసగా కరెంటు పంచే డెల్కో మూత తీసి, కరెంటు కలిపి విడదీసే పాయింట్ల మధ్య సందు కొలిచే రేకు, అదే ఫీలర్ గేజ్, పెట్టేవారు, అంబాసిడర్‌కి పదిహేను థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను, 0.38 మిల్లీమీటర్లు. అంత సన్నటి సందు తేడా వస్తే అంత పెద్ద బండి కదలదు! నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మీరు గమనించారా, ఆ మూడు ప్రశ్నలూ నా పంపు స్టవ్వు దగ్గరవే, పంక్చర్ తొట్టె దగ్గరవే. ఎక్కణ్ణించి వచ్చి ఎక్కడికి పోతోంది అన్నదే. ఇక్కడిదాకా ఆటకీ పనికీ తేడా ఏమీ లేదు. తేడా ఎక్కడొచ్చిందో చెప్తాను, ఇది నా జీవితంలో పెద్ద రోజు.

పానా చేతికొచ్చిన కొత్త. ఒక మారుతికి ప్లగ్గులు మార్చమన్నారు. అంబాసిడర్ హెడ్డు పోత ఇనుము, ఎంత బిగించినా ఓర్చుకుంటుంది. మారుతి హెడ్డు అల్యూమినియం. నాకు చెప్పారు, విన్నాను, కానీ చెయ్యి వినలేదు. మూడో ప్లగ్గు దగ్గర ఇంకొంచెం అని లాగాను, పానా ఒక్కసారి తేలికైపోయింది. మెకానిక్కులు ఇక్కడెవరైనా ఉంటే ఆ తేలిక ఏమిటో తెలుస్తుంది. కడుపులో ఏదో జారినట్టుంటుంది. థ్రెడ్, అంటే బెజ్జంలోని మర, పోయింది. నాకు భయం వేసింది, పైకి గట్టిగానే ఉన్నట్టుంది కదా అని ఆ బండిని అలాగే పక్కన పెట్టి, ఇంకో బండిలో చక్రం బిగించడానికి వెళ్ళిపోయాను. అక్కడ కూడా చెయ్యి వణుకుతూనే నట్లు బిగించాను.

మేస్త్రిగారు వచ్చి చక్రం నట్లు పట్టుకు చూశారు. ఒకటి వదులు. నన్ను తిట్టలేదు. పక్కకి పిలిచి ఒక్కమాట అడిగారు. "ఈ బండిలో మీ అమ్మని కూర్చోబెట్టి సింహాచలం కొండెక్కిస్తావా?" అని. నేను మాట్లాడలేకపోయాను. అప్పుడు ప్లగ్గు సంగతి కూడా చెప్పేశాను. ఆయన ఆ కారు యజమానికి తనే చెప్పి, హెడ్డు విప్పి, థ్రెడ్ కొత్తగా వేయించి, డబ్బు తీసుకోలేదు.

స్టవ్వు పాడుచేస్తే అమ్మకి పొగ వచ్చింది, రేడియో పాడుచేస్తే నాన్న పాటలు ఆగాయి. అవి మనింట్లోవి. కారులో వేరేవాళ్ళ పిల్లలు కూర్చుంటారు, వాళ్ళకి మన పేరు కూడా తెలీదు, చక్రం ఎవరు బిగించారో అని వాళ్ళు ఆలోచించరు, నిద్రపోతూ ఉంటారు వెనక సీట్లో. ఆ రోజు నుంచి నేను చక్రం నట్లు ఎదురెదురుగా నక్షత్రం వరసలో బిగిస్తాను, జాకీ దించాక మళ్ళీ బిగువు కొలిచే టార్క్ రించ్‌తో ఒకసారి చూస్తాను, చూశాక చాక్‌తో గీత పెడతాను. మా షెడ్డులో ఎంత పాతవాడైనా గీత లేకుండా బండి బయటికి వెళ్ళదు.

సముద్రం పక్కన బండి

ఇక్కడ మన విశాఖ సంగతి కొంచెం ఎక్కువ చెప్తాను, ఏమనుకోకండి, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. మనకి సముద్రం ఉంది, కొండలున్నాయి. రెండూ బండిని పరీక్షిస్తాయి. ఉప్పుగాలి ఏం చేస్తుంది? బీచ్ రోడ్డు వైపు ఎప్పుడూ బయట నిలబెట్టే బండ్ల కిందకి దూరి చూడండి. బయట రంగు మెరుస్తూ ఉంటుంది, కింద తుప్పు. బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పొడి. వీటిల్లో అందరినీ తిప్పలు పెట్టేది ఎర్త్ వైరు. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకీ ఇంజన్‌కీ వెళ్ళే లావుపాటి వైరు, అది బాడీకి బోల్టు వేసిన చోట రేకు తుప్పు పడుతుంది. చూడ్డానికి వైరు బాగానే ఉంటుంది. కరెంటు సరిగ్గా పోదు. దారి దొరక్క వేరే దారులు వెతుక్కుంటుంది. అప్పుడు జరిగేవన్నీ దెయ్యం పట్టినట్టుంటాయి. ఇండికేటర్ వేస్తే హెడ్‌లైటు వెలుతురు తగ్గుతుంది, హారన్ కొడితే మీటర్లో లైట్లు మినుకుమంటాయి, సెల్ఫ్ ఒకసారి తిరుగుతుంది ఒకసారి తిరగదు.

అలాంటి బండి ఒకటి నా దగ్గరికి వచ్చేసరికి అప్పటికే కొత్త బ్యాటరీ వేయించుకున్నారు, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ మార్పించుకున్నారు, వేల రూపాయలు పోశారు పాపం. ఆయన రిటైరైన మాస్టారు. నేను చేసింది ఏమిటంటే, మల్టీమీటర్ ఒక తీగ బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ బాడీ మీద పెట్టి, సెల్ఫ్ కొట్టమన్నాను. అవి రెండూ ఒకే వైరుతో కలిసి ఉన్నాయి కాబట్టి మీటరు దాదాపు సున్నా చూపించాలి, అర వోల్టు దాటితే అనుమానం. అక్కడ రెండు వోల్టులు పైన చూపించింది! బోల్టు తీసి, ఉప్పుకాగితంతో రేకు తెల్లగా మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు పూశాం. పావుగంట పని. మాస్టారు నమ్మలేదు, రెండు రోజులు వరసగా వచ్చి చూపించి వెళ్ళారు. ఇది నేను ఎక్కడ నేర్చుకున్నాను? సైకిల్ డైనమో దగ్గర. డైనమోకి ఒక్కటే వైరు ఉంటుంది కదా, రెండో వైరు ఏదీ అని చిన్నప్పుడు ఎంత వెతికానో! సైకిల్ ఫ్రేమే రెండో వైరని, క్లాంపు కింద పెయింటు గీకితేనే లైటు వెలుగుతుందని మావయ్య చూపించాడు. ఆ గీకుడే ఇది.

కొండల సంగతి. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఎక్కి అరకు వెళ్తాం అందరం. ఎక్కడం ఇంజన్ పని. దిగడం బ్రేకుల పని, అక్కడే ప్రమాదం. బ్రేకు మీదే కాలు పెట్టి దిగుతారు కొందరు, డిస్కులు కాగిపోతాయి, ఆ వేడి బ్రేకు ఆయిల్‌కి చేరుతుంది. ఆ ఆయిల్‌కి ఒక గుణం ఉంది, గాలిలో తేమని పీల్చుకుంటుంది. మనది ఏడాదంతా తేమ ఉండే ఊరు. డాట్ 3 అనే రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పీల్చాక ఆ హద్దు 140 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు. ఆయిల్‌ని నొక్కితే ఒత్తిడి చక్రానికి చేరుతుంది, బుడగని నొక్కితే బుడగే నలుగుతుంది. పెడల్ మెత్తగా కిందకి పోతుంది. పంపు స్టవ్వులో గాలికి అణిగే గుణం ఉంది కాబట్టే పంపు కొట్టి నింపగలిగాం, అదే గుణం బ్రేకు గొట్టంలో మనిషి ప్రాణం తీస్తుంది. అందుకని రెండేళ్ళకోసారి బ్రేకు ఆయిల్ మార్పించండి, ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. వింటున్నారా డ్రైవర్ తమ్ముళ్ళూ? న్యూట్రల్‌లో మాత్రం ఎప్పుడూ దిగకండి.

ఇలా ఉన్నదానితో సర్దుకుని నడిపించడం అనే గుణం కారు పుట్టినప్పటి నుంచీ ఉంది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, కారు తయారుచేసిన కార్ల్ బెంజ్ గారి భార్య, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టింటికి, ఫోర్జ్‌హైమ్‌కి, వంద కిలోమీటర్లకు పైగా ఆ మూడు చక్రాల బండి మీద వెళ్ళారు. అంత దూరం అప్పటిదాకా ఎవరూ కారులో పోలేదు. పెట్రోలు బంకులు లేవు, మందుల షాపులో మరకలు పోగొట్టే ద్రవం అమ్మితే అది కొని పోసుకున్నారు. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోయింది. ఏం చేశారో తెలుసా? టోపీకి గుచ్చుకునే పిన్ను తీసి పొడిచారు! ఈ కథ మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది. మా అమ్మ, ఆ పిన్ను, ఈ స్టవ్వు అన్నీ కళ్ళముందు కదిలాయి. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర తోలు ముక్క కొట్టించుకున్నారు. ఇక్కడ ఆడపిల్లలు నలుగురైదుగురు కనిపిస్తున్నారు. అమ్మలూ, దూరం వెళ్ళిన మొదటి కారు బాగుచేసుకుంటూ నడిపింది ఒక ఆడమనిషి. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పటి బండ్ల గురించి అడుగుతారని తెలుసు. అంతా కంప్యూటరే కదా, తప్పు కోడ్ చదివే స్కానర్ పెడితే చెప్పేస్తుంది కదా, ఇంకా ఈ స్టవ్వులూ సైకిళ్ళూ ఎందుకు అని. మొన్న మా కుర్రాడు ఒక బండికి స్కానర్ పెట్టాడు. పి0301 అని వచ్చింది. అంటే ఒకటో సిలిండర్‌లో మిస్సింగ్. కుర్రాడు వెంటనే ప్లగ్గుకి కరెంటు పంపే కాయిల్ ఆర్డర్ చేద్దాం అన్నాడు. నేను ఆగమన్నాను. ఎక్కడ నొప్పో స్కానర్ చెప్పింది, ఎందుకు నొప్పో చెప్పిందా? ప్లగ్గు కావచ్చు, కాయిల్ కావచ్చు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కావచ్చు, సిలిండర్ లోపలి ఒత్తిడి, అదే కంప్రెషన్, పోయుండచ్చు. మన ఇంట్లో టార్చిలైటు వెలగకపోతే ఏం చేసేవాళ్ళం? వెలిగే టార్చిలోంచి బల్బు తీసి ఇందులో పెట్టి చూసేవాళ్ళం. వెలగలేదా, తప్పు ఇంకెక్కడో ఉంది, ఇప్పుడు సెల్స్ మార్చి చూద్దాం. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, రెండు మారిస్తే దేనివల్ల వెలిగిందో తెలీదు. సరే, ఒకటో సిలిండర్ కాయిల్ రెండోదానికీ, రెండోది ఒకటోదానికీ మార్చి బండి తిప్పమన్నాను. మళ్ళీ స్కానర్ పెడితే పి0301 అలాగే ఉంది. కాయిల్ తప్పు లేదు. అప్పుడు ఆ రెండింటి ప్లగ్గులూ ఒకదాని చోట ఒకటి మార్చి పెట్టాడు. కోడ్ పి0302 అయింది, రెండో సిలిండర్‌కి వెళ్ళిపోయింది. తప్పు ప్లగ్గుది! కాయిల్ కొని ఉంటే ఆ యజమానికి ఎంత దండగ? ఆ కుర్రాడి మొహంలో వెలుగు చూడాలి మీరు. పదేళ్ళ పిల్లాడి మొహం అది.

అమ్మానాన్నలు చాలామంది వచ్చారు కాబట్టి మీతో ఒకటి మాట్లాడాలి. ఇందాక లోపలికి వస్తుంటే ఒకమ్మ అడిగారు, "మా పాప మిక్సీ విప్పేసింది అన్నా, ఏం చెయ్యమంటారు" అని. పాడైన మిక్సీయేనా అన్నాను. అవునన్నారు. చాలా సంతోషం అన్నాను. ప్లగ్గు గోడలోంచి తీశాకే విప్పిందా, అది కనుక్కోండి, ముందు అది. ఆ వైరు కత్తిరించి పారేసి ఇస్తే ఇంకా మంచిది. పిల్లలకి పాడైన వస్తువులివ్వండి. పాత గడియారం, టేబుల్ ఫ్యాను, సైకిలు, బ్యాటరీ బొమ్మలు. నాలుగు స్క్రూడ్రైవర్లు, ఒక కటింగ్ ప్లేయర్, ఒక న్యూస్‌పేపర్. మైక్రోవేవ్ మాత్రం ఇవ్వకండి, దాని లోపల కెపాసిటర్ ఉంటుంది, ప్లగ్గు తీసేసినా ప్రాణం తీసేంత కరెంటు దాచుకుని ఉంటుంది. పాత డబ్బా టీవీలు కూడా వద్దు. ఇన్వర్టర్ వద్దు. ఫోన్ బ్యాటరీని గుచ్చనివ్వకండి, మండుతుంది. కారు దగ్గర అయితే వేడిగా ఉన్న రేడియేటర్ మూత. కుక్కర్ మీద వెయిట్ ఉండగా మూత తీస్తామా? ఇదీ అంతే, ఆ మూత ఒత్తిడి పట్టి ఉంచడం వల్లే లోపలి నీళ్ళు వంద డిగ్రీలు దాటినా మరక్కుండా ఉంటాయి, మూత తీసిన క్షణం మీద పడతాయి. ఎలక్ట్రిక్ కార్లలో నారింజరంగు వైర్లు కనిపిస్తే చెయ్యి పెట్టద్దు, అవి వందల వోల్టులవి, దానికి శిక్షణ తీసుకున్నవాళ్ళే ముట్టుకోవాలి. నేను కూడా ఈ వయసులో అది కొత్తగా నేర్చుకుంటున్నాను, రబ్బరు చేతితొడుగులు వేసుకుని, మళ్ళీ హెల్పర్ లాగా పక్కన నిలబడి.

చదువు మానేసి షెడ్డుకి పంపమని నేను అనను. నా రోజుల్లో గతిలేక వెళ్ళాం. ఇప్పుడు పదో తరగతి పాసైతే ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు రెండేళ్ళు, డిప్లొమా ఉంది, ఇంజనీరింగ్ ఉంది. చదువుతూనే చేతులు మురికి చేసుకోనివ్వండి. పిల్లాడు ఏదన్నా విప్పి పాడుచేసినప్పుడు ఆ కుప్ప పక్కన కాసేపు కూర్చుని ఏది ముందు వచ్చిందిరా అని అడగండి. మా నాన్నకి ఇంజన్ గురించి ఏమీ తెలీదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నా సొంత షెడ్డు ఆటోనగర్‌లో తెరిచినప్పుడు వచ్చి, గోడకి వరసగా తగిలించిన పానాలన్నీ ఒక్కోటీ ముట్టుకుని చూసి, కుర్చీ వేస్తే కూర్చోకుండా, "ఆ రేడియో ఇంకా ఉందా" అని అడిగారు. ఉంది. ఇప్పటికీ పాడుతుంది.

సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే తర్వాత ఒక్కొక్కరితో మాట్లాడతాను. పిల్లలూ, మీరు ఇటు రండి. ఈ కార్బురేటర్‌లో పెట్రోలు లేదు, నిన్ననే కడిగి ఆరబెట్టి తెచ్చాను. స్క్రూడ్రైవర్లు మూడే ఉన్నాయి, వంతులు వేసుకోండి. కింద పేపరు పరిచాను చూశారా, తీసింది తీసినట్టు వరసగా దాని మీద పెట్టాలి. ఆ మిక్సీ పాప ఎక్కడ? ముందు నువ్వు రా తల్లీ. పైన నాలుగు స్క్రూలు కనిపిస్తున్నాయా? ఎడం పక్కది ముందు.